ఇంటి కాలెండరుమీద ఎవరి చేవ్రాలు?

బెంగుళూరునుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. అత్తగారు, మామగారు, భర్త, తను, పెళ్లికాని మరిది, ఇద్దరు పిల్లలు. ఇంటినిండా ఫోన్లే. ప్రతి ఫోనులోనూ ఒక కాలెండరు వుంది. కాని ఒకరి కాలెండరులో ఏముందో ఇంకొకరికి తెలియదు. కంప్యూటరు చదువు చదివిన మరిది ఇంట్లోనే సొంతంగా ఒక సర్వరు పెట్టి అందరి కాలెండర్లూ కలిపేస్తానంటున్నాడట. “అందరికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే చాలు, మనలో మనకు దాపరికమేమిటి అంటున్నారు. మీరేమంటారు?” అని ఆమె ప్రశ్న.

రెండు ముక్కల్లో జవాబు రాసి ఊరుకోవచ్చు. కాని “మనలో మనకు” అన్న మాట దగ్గర నా కలం ఆగిపోయింది. 2024లో మా ఇంట్లో ఈ మాటే అనుకున్నాం. దానివల్ల మా అమ్మ ఒక రోజంతా అరుగుమీద కూర్చోవలసి వచ్చింది. ఒక మనిషి చేయని తప్పుకు పక్షం రోజులు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ సంగతి చెప్పకుండా సలహా చెప్పడం నాకు న్యాయంగా తోచలేదు. అందుకని ఈ వారం మా ఇంటి కథే చదవండి.

మాది పెద్దపంజాణి. పలమనేరు, పుంగనూరు తెలిసినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. మా చిన్నతనంలో ఇంటికంతకూ ఒకే కాలెండరు. నడవలో, దేవుడిపటాలకు పక్కన, మేకుకు వేలాడుతూ వుండేది. ఎరువుల అంగడివాళ్లు ఉచితంగా ఇచ్చినది. దానికి పురికొసతో ఒక పెన్సిలు ముక్క కట్టివుండేది. ఆ పెన్సిలును ఎవరైనా విప్పుకుపోతే ఆ పూట ఇంట్లో పెద్ద పంచాయితీ.

ఆ కాగితంమీద ఏమేమి వుండేవో ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది. పాలు పోసిన లెక్క అడ్డగీతల్లో. సొసైటీకి కట్టవలసిన వాయిదా నాన్న చేతిరాతలో, సిరాతో; పెన్సిలు ఆయనకు గిట్టదు. పట్టుపురుగులు తెచ్చిన రోజు, మొదటి జ్వరం, రెండో జ్వరం, మూడు, నాలుగు. (పట్టణం పాఠకులు కంగారుపడవద్దు. పురుగు ఆకు మానేసి, తల ఎత్తి, కదలకుండా పడుకొని పొర విడిచే రోజును మావైపు జ్వరమంటారు. నాలుగు జ్వరాలు దాటితేగాని అది గూడు కట్టదు.) ఆవు ఎద్దుకు కట్టిన రోజుకు అమ్మ పసుపువేలితో ఒక బొట్టు పెట్టేది. అక్కడినుంచి తొమ్మిది నెలల పదిరోజులు లెక్కపెట్టి, ఆ కాగితం ఇంకా రాకపోతే గోడమీదనే గీసేది.

ఇవిగాక, కొన్ని తేదీల మూలల్లో సన్నని చుక్కలు వుండేవి. అవి ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు. మగవాళ్ల కంటికి కనబడేవి కాని వాళ్లెన్నడూ అడగలేదు. అందరి కళ్లముందు వున్న కాగితంమీదనే నలుగురైదుగురికి మాత్రమే తెలిసే మాట! ఆ చుక్కల సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికివస్తుంది.

ఇంకొక సంగతి. ఆ కాగితంమీద ఏది ఎవరు రాశారన్న అనుమానం మాకు ఎప్పుడూ రాలేదు. నాన్నది నిలువు రాత, అమ్మది గుండ్రం, పెద్దతమ్ముడు ‘ళ’ను తిరగేసి రాస్తాడు. కొట్టివేసినా ఎవరు కొట్టివేశారో గీత చూస్తే తెలిసిపోయేది.

నాన్న పోయారు. పెద్దతమ్ముడు బెంగుళూరులో, చిన్నతమ్ముడు కుప్పంలో, నేను తిరుపతిలో స్థిరపడ్డాం. అమ్మ మాత్రం పెద్దపంజాణి వదిలి రానంది. ఒక ఆవు, పెరట్లో నాలుగు మునగచెట్లు, ఎదురింటివాళ్లు, ఇవే ఆమెకు కావలసినవి. మాకు దిగులు. రోజుకు మూడు ఫోన్లు చేసేవాళ్లం. ఒకే సంగతి ముగ్గురమూ అడిగేవాళ్లం. ఎవరికి వారం మిగతా ఇద్దరిలో ఎవరో చూసుకుంటున్నారనుకునేవాళ్లం. అప్పుడు మా పెద్దతమ్ముడి కొడుకు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, “అత్తా, మన ఇంటికొక కాలెండరు సర్వరు పెడతాను” అన్నాడు.

సర్వరంటే పెద్ద బీరువా అనుకున్నాను. వాడు చూపించింది అరచేతిలో ఇమిడే పలక. రాస్‌ప్‌బెర్రీ పై అంటారట. 2012నుంచి అమ్ముడుపోతున్న చిన్న కంప్యూటరు. దానిలో రాడికాల్ అనే ప్రోగ్రాము వేశాడు. ఫ్రాన్సువాళ్లు మొదలుపెట్టినది, డబ్బు పెట్టి కొననక్కరలేదు. దాని పని ఒక్కటే: మనం ఫోనులో రాసిన ప్రతి సంగతినీ ఒక చీటీలాగా తన దగ్గర దాచుకొని, మిగతా ఫోన్లు అడిగినప్పుడు ఇవ్వడం.

రకరకాల కంపెనీల ఫోన్లు దానితో ఎలా మాట్లాడతాయని అడిగాను. చీటీ ఎలా రాయాలో 1998లోనే ఒక పద్ధతి కుదిరిందట, దానిపేరు ఐకాలెండరు. ఆ చీటీలను సర్వరుకూ ఫోనుకూ మధ్య ఎలా చేరవేయాలన్న పద్ధతి 2007లో వచ్చింది, దానిపేరు కాల్‌డావ్. ఐఫోనులో ఈ వసతి ముందే వుంది. మిగతా ఫోన్లలో డావ్‌ఎక్స్5 వంటి చిన్న ప్రోగ్రాము ఒకటి వేసుకోవాలి. కరెంటు పోయి సర్వరు ఆగినా ఫోనులో ప్రతి వుంటుంది గనుక చూసుకోవడానికి అడ్డంలేదు. కొత్తగా రాసినది మాత్రం సర్వరు లేచాక వెళ్లి చేరుతుంది.

“ఇంత తంటా ఎందుకురా, గూగులువాళ్లు 2006నుంచి ఇస్తున్నారు గదా, దాన్లోనే అందరం చూసుకుంటే పోదా?” అన్నాను. పోదని కాదు, చాలా ఇళ్లలో అదే వాడుతున్నారు, చక్కగా పనిచేస్తున్నది, నేను దాన్ని చెడ్డదనను. వాడి వాదన వేరు. “అత్తా, నాయనమ్మకు ఏ జబ్బు, ఏ రోజు ఏ ఇంటికి తాళం పడుతుంది, ఎవరింట్లో పెళ్లిమాటలు, ఇవన్నీ దాంట్లో రాస్తాం. ఆ కాగితం మన గోడమీద వుంటే బాగుంటుంది” అన్నాడు. నాకు నచ్చింది. కాని అప్పుడే చెప్పవలసిన ఇంకో మాట వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సొంత బావి తవ్వుకుంటే పూడిక తీసుకునే పని కూడా మనదే. వాడికి పరీక్షలు వచ్చిన నెలలో ఆ పలకను పట్టించుకున్న నాథుడు లేడు. ఇంట్లో ఆ పని చేయగలవాళ్లు ఒక్కరే వున్నప్పుడు, ఆ ఒక్కరికి జ్వరం వస్తే ఏమిటన్నది ముందే ఆలోచించుకోవాలి.

సరే, సర్వరు బెంగుళూరులో తమ్ముడి ఇంట్లో కూర్చున్నది. బయటివాళ్లు చొరబడకుండా దారికి తాళం వేశాడు. మాకందరికీ ఒకే పేరు పెట్టాడు, ‘ఇల్లు’ అని. పాస్‌వర్డూ ఒకటే. ఏడుగురి ఫోన్లలోనూ ఏడు నిమిషాల్లో పని అయిపోయింది. మనలో మనకు దాపరికమేమిటి!

మొదటి మూడు నెలలు పండగలాగా నడిచింది. గ్యాసు బండ ఎప్పుడు వస్తుంది, ఎవరు ఊరికి వెళుతున్నారు, ఎవరు అమ్మ మందులు తెచ్చిచ్చారు, అన్నీ ఆకుపచ్చ రంగులో కనబడేవి. అందరికంటె శ్రద్ధగా రాసేది మా చిన్న మరదలు. కుప్పంలో బడిపంతులమ్మ, హాజరుపట్టీ రాసే చెయ్యి గదా.

అప్పుడు అమ్మ కంటి సంగతి వచ్చింది. చక్కెర వ్యాధి వున్నవాళ్లకు కంటి వెనకపొరలో నీరు చేరడం వుంది. అమ్మకు ఎడమకంట్లో చేరింది. నెలకొక సూది చొప్పున వేయాలి, వాయిదా తప్పకూడదు అన్నారు డాక్టరు. రెండు సూదులు సవ్యంగా పడ్డాయి. మూడోది 2024 జూలై 18, గురువారం. ఆ రోజు చిన్నతమ్ముడు సెలవు పెట్టి, తెల్లవారుజామునే కుప్పంలో బయలుదేరి, పలమనేరు మీదుగా వచ్చి అమ్మను తీసుకువెళ్లాలి. కాలెండరులో అలాగే రాసివుంది. నేను చూశాను.

ఆ గురువారం నా ఫోను గంట కొట్టింది. తమ్ముడు వెళ్లేవుంటాడులే అనుకొని వంటపనిలో పడ్డాను. మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మకు ఫోను చేసి, “సూది వేశారా అమ్మా?” అన్నాను.

“ఏమ్మే, చిన్నోడు వస్తాడంటిరే. ఎవురూ రాలేదే. పొద్దన్నే నీళ్లు బోసుకోని, సంచి పక్కన పెట్టుకోని అరుగుమీదనే కూచోనుండా. వాడికేం పనిబడిందో ఏమో. మీరు దిగులుపడబాకండి.”

ఆరున్నరనుంచి ఒంటిగంటదాకా. తను ఫోను చేస్తే కొడుకు బండి నడుపుతూ ఎత్తుతాడేమోనని భయపడి ఫోను కూడా చేయలేదట.

తమ్ముడికి చేశాను. బడబడా అరిచాను. వాడు నిర్ఘాంతపోయాడు. “అక్కా, నా ఫోనులో 18న ఏమీలేదు. వాయిదా ముందుకు జరిగిందేమో, తేదీ మళ్లీ రాస్తారేమో అనుకున్నాను” అన్నాడు. పెద్దతమ్ముడి ఫోనులోనూ లేదు. నా ఫోనులో మాత్రం వుంది.

ఇప్పుడు నా మనసు ఎటు పోయిందో దాచకుండా చెబుతాను. అంతకు రెండు వారాలముందు చిన్న మరదలు, “ఆయనకు సెలవులు అయిపోతున్నాయి వదినా, ఈ నెల పెద్దబావగారు రాగలరేమో కనుక్కుంటారా?” అని అడిగివుంది. తప్పుమాట కాదు. కాని ఆ మాటను నేను మనసులో మడతపెట్టి దాచుకున్నాను. ఇంటి కాలెండరులో ఎక్కువగా రాసేది ఆమె. తుడిచేదీ ఆమే అయివుండాలి. మొగుణ్ణి పంపడం ఇష్టంలేక తుడిచేసింది. ఇంతే నా తర్కం. ఆడబిడ్డ తర్కం! ఆ సాయంత్రం ఆమెకు ఫోను చేసి, “నీకు బరువైతే నోటితో చెప్పవచ్చుగా, రాసినది చెరపడమెందుకు?” అన్నాను. అవతలినుంచి మాట రాలేదు. కాసేపటికి ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

పక్షం రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. కాలెండరులో ఒక్క అక్షరం రాయలేదు.

అమ్మకు మళ్లీ వాయిదా జూలై 30కి దొరికింది. పన్నెండు రోజులు ఆలస్యం. డాక్టరుగారు కోప్పడి, సూది వేశారు. ఆ కన్ను ఇప్పటికీ కొంచెం మసకే. అది ఆ పన్నెండు రోజులవల్లనో, వ్యాధివల్లనో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

మేనల్లుడు ఈ గొడవంతా ఆలస్యంగా విన్నాడు. “ఎవరు తుడిచారో చూడవచ్చు గదత్తా” అన్నాడు. సర్వరులో జరిగే ప్రతి మార్పునూ ఒక చిట్టాలో ఎక్కించే ఏర్పాటు వాడు ముందే చేశాడట. ఆ చిట్టాపేరు గిట్. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్సు పని కోసం తయారుచేసుకున్నాడు. దేశదేశాల్లో వేలమంది ఒకే పుస్తకాన్ని దిద్దుతుంటే ఏ అక్షరం ఎవరు మార్చారో తెలియాలి గదా. ఆ పనికి పుట్టిన చిట్టా మా పెద్దపంజాణి గ్యాసుబండల లెక్క రాస్తున్నది! సంతోషించాను. దొంగ దొరుకుతుందనుకున్నాను.

చిట్టా తెరిచాడు. ప్రతి వరుసలోనూ తేదీ, సమయం, మార్చినవాళ్ల పేరు వున్నాయి. పేరు ఏమిటంటే, ‘ఇల్లు’. పైనుంచి కిందిదాకా ‘ఇల్లు’, ‘ఇల్లు’, ‘ఇల్లు’. రాసింది ఇల్లు. మార్చింది ఇల్లు. తుడిచింది ఇల్లు. ఏడుగురికీ ఒకే ముసుగు వేసి, ఇప్పుడు ముఖం చూపించమంటే ఎలా చూపిస్తుంది?

సమయం మాత్రం వుంది. అమ్మ సూది చీటీ పోయింది జూలై 14, ఆదివారం రాత్రి 9 గంటల 52 నిమిషాలకు.

ఆ తేదీ చదువుతుంటే నాకు గుండెలో ఏదో కదిలింది. లేచివెళ్లి సొరుగు తీశాను. నా కొత్త ఫోను బిల్లు వుంది. దానిమీద తేదీ జూలై 14.

ఆ ఆదివారం సాయంత్రమే ఫోను కొన్నాను. అంగడిలో కుర్రవాడు పాతదానిలోనివన్నీ కొత్తదానిలోకి ఎక్కించి ఇచ్చాడు. నాకొక అలవాటు వుంది: అమ్మ వాయిదాలు మరిచిపోకుండా నా సొంత కాలెండరులో కూడా ఇంకోసారి రాసుకుంటాను. అందువల్ల ఒకే సంగతి నీలంలో ఒకటి, ఆకుపచ్చలో ఒకటి కనబడింది. రాత్రి భోజనాలయ్యాక మంచంమీద కూర్చుని, కొత్త ఫోను శుభ్రంగా వుండాలని, జంటగా వున్నవాటిలో ఆకుపచ్చవి తుడుస్తూ పోయాను. నా ఫోనులో నేను తుడుచుకుంటున్నాననే అనుకున్నాను. ఆకుపచ్చ అంటే ఇల్లు. నేను తుడిచింది గోడమీది కాగితాన్ని. అందుకే నా నీలం చీటీ మిగిలి, ఆ గురువారం గంట కొట్టింది. తమ్ముడి ఫోను కొట్టలేదు.

ఇక్కడ ఈ పని తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఉమ్మడి కాలెండరు మీ కళ్లకు అడ్డంగా వుంటే, ఆ కాలెండరు పేరు పక్కన వున్న టిక్కు తీసేయండి. అది మీ తెరమీద మాత్రమే మాయమవుతుంది, ఎవరికీ నష్టంలేదు. అంతేగాని లోపలి సంగతిని తాకి ‘తుడిచివేయి’ అన్నారంటే అది అందరికీ పోతుంది. రెండూ పక్కపక్కనే వుంటాయి, రెండూ ఒకేలా కనబడతాయి. నాలాంటివాళ్లు ఏ ఇంట్లోనైనా ఒకరుంటారు.

మర్నాడే బస్సెక్కి కుప్పం వెళ్లాను. ఫోనులో చెప్పే మాట కాదు. మరదలు బడినుంచి వచ్చేసరికి నేను వాళ్ల వాకిట్లో వున్నాను. బిల్లు చేతికిచ్చి, జరిగింది చెప్పాను. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. కాఫీ పెట్టి తెచ్చి, నా ఎదురుగా కూర్చుని ఒక్క మాట అన్నది:

“రాసేటప్పుడు అందరిదీ ఇల్లు పేరే. మాట పడేటప్పుడు మాత్రం నా పేరెందుకు వచ్చింది వదినా?”

నేను జవాబు చెప్పలేకపోయాను. బెంగుళూరు సోదరీ, మీ ప్రశ్నకు నేను చెప్పగలిగే జవాబు ఆ మాటలోనే వుంది. అందరికీ ఒకే తాళంచెవి ఇస్తే నమ్మకం పెరుగుతుందనుకుంటాం. తప్పు జరిగిన రోజున ఆ తాళంచెవి ఎవరి చేతిలోనూ కనబడదు. అప్పుడు ఇంట్లో ఎవరిమీద ముందునుంచీ చూపుడువేలు వుందో వాళ్లమీదికే పోతుంది. మన ఇళ్లలో అది ఎవరో నేను వేరే చెప్పాలా?

ఆ తర్వాత మేనల్లుడు అంతా మార్చాడు. ఏడుగురికి ఏడు పేర్లు, ఏడు పాస్‌వర్డులు. ‘ఇల్లు’ అన్నది ఇప్పుడు మనిషిపేరు కాదు, కాలెండరుపేరు. రాడికాల్‌లో హక్కుల పట్టీ అని ఒక కాగితం వుంటుంది. ఏ పేరుగలవాళ్లు ఏ కాలెండరును చదవవచ్చు, ఏది రాయవచ్చు అన్నది దాంట్లో వరుసగా రాసుకోవాలి. మామూలుగా అయితే ఎవరిది వారికే. పట్టీలో రాస్తేనే ఇంకొకరికి తెరుచుకుంటుంది. ఇంటి కాలెండరును పెద్దలందరం రాయవచ్చు. పిల్లలు చదవవచ్చు, రాయలేరు. అమ్మ ఆరోగ్యానికి వేరే కాలెండరు. దానిలో రాసే హక్కు ముగ్గురు పిల్లలకూ, ఇద్దరు కోడళ్లకూ వుంది.

దీనిలో ఒక చిక్కు వచ్చింది. హక్కు ఇచ్చినా ఆ కాలెండరు నా ఫోనులో కనబడలేదు. ఫోను వెతికేది నా పేరుకింద వున్నవాటిని మాత్రమేనట. ఇతరుల పేరుకింద వున్నదాన్ని చూడాలంటే దాని విలాసం ఒకసారి పూర్తిగా రాసి ఇవ్వాలి. మేనల్లుడు ఏడు ఫోన్లకూ ఏడుసార్లు అది చేసిపెట్టాడు. ఏడు నిమిషాల్లో కాలేదు, రెండు ఆదివారాలు పట్టింది. ఇంతకంటె సులువుగా, పేరు నొక్కితే పంచుకునే సర్వర్లూ వున్నాయి. 2016లో మొదలైన నెక్స్ట్‌క్లౌడ్ అటువంటిది. అయితే దానికి మా చిన్న పలక ఆయాసపడుతుందని వాడు భయపడ్డాడు.

ఆ నెక్స్ట్‌క్లౌడ్‌లో నాకు నచ్చిన ఒక ఏర్పాటు చెబుతాను. కాలెండరు పంచుకున్నా, ఒక్కొక్క సంగతికి విడిగా ఒక మాట చెప్పవచ్చు: ఇది అందరికీ పూర్తిగా కనబడాలి, లేదా ‘ఆ వేళ తీరికలేదు’ అని మాత్రం కనబడాలి, లేదా అసలే కనబడకూడదు. ఒక చీటీ బహిరంగమా, సొంతమా, రహస్యమా అని గుర్తు పెట్టుకునే వీలు 1998నాటి పద్ధతిలోనే వుందట. అదేమిటో నాకు వెంటనే అర్థమైంది. మా నడవలో కాలెండరు మూలల్లో వుండిన చుక్కలు! ‘తీరికలేదు’ అన్నంతవరకు అందరికీ తెలుస్తుంది, ఎందుకన్నది తెలియవలసినవాళ్లకు తెలుస్తుంది. మా రాడికాల్‌లో ఆ వసతి లేదు గనుక, ఎవరి సొంత కాలెండరు వాళ్లకు వేరుగా పెట్టుకున్నాం. చిన్న మరదలు అప్పుడు చెప్పింది: ఆ మూడు నెలలూ తన డాక్టరు దగ్గరికి వెళ్లే రోజులు ఎక్కడా రాసుకోలేదట. అత్తవారింటిల్లిపాదీ చదివే కాగితంమీద ఏ ఆడది రాసుకుంటుంది? రాయక, రెండుసార్లు తన వాయిదా తనే మరిచిపోయింది. అమ్మ కంటి వాయిదా తప్పిందని అంత గోలచేసిన నాకు ఈ సంగతి తెలియనే తెలియదు.

తిథుల సంగతి ఒకటి మిగిలింది. నాన్న తిథిని ఎవరో మొదటే రాసి, ‘ఏటేటా’ అని నొక్కేశారు. ఫోనుకు ఏటేటా అంటే అదే ఇంగ్లీషు తేదీ. తిథి అలా కూర్చుంటుందా? వినాయకచవితినే చూడండి. 2024లో సెప్టెంబరు 7, 2025లో ఆగస్టు 27, 2026లో జ్యేష్ఠం అధికమాసం గనుక సెప్టెంబరు 14. చంద్రుడు సూర్యుడికి పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. ఆ జరగడానికి ఒకసారి పందొమ్మిది గంటలు, ఒకసారి ఇరవైఆరు. పైగా పెద్దలకు పెట్టుకునేది అపరాహ్ణంలో తిథి వున్న రోజున. ఇంగ్లీషువి కాని కాలెండర్ల ప్రకారం ఏటేటా లెక్కవేసే పద్ధతి ఒకటి 2015లో వచ్చిందంటాడు మేనల్లుడు, కాని మా ఫోన్లలో తెలుగు తిథి నొక్కే బొత్తామైతే నాకు కనబడలేదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫారసుమీద 1957 మార్చి 22నుంచి ప్రభుత్వం జాతీయ కాలెండరు తెచ్చింది గాని, అది సూర్యుడి లెక్క. తిథికి అక్కరకు రాదు.

కనుక ఉగాదికి అందరం పెద్దపంజాణిలో కలిసినప్పుడు పంచాంగం ముందు పెట్టుకొని, ఆ ఏటి తిథులన్నీ ఒక్కొక్కటే రాయడం అని తీర్మానించుకున్నాం. 2025 మార్చి 30న మొదటిసారి కూర్చున్నాం. పంచాంగం చూడడం మాలో అమ్మకొక్కతెకే వచ్చు. ఆమె చెబుతుంటే నేను నా ఫోనులో ఎక్కిస్తున్నాను. మేనల్లుడు పక్కనుంచి, “నాయనమ్మా, ఇది అత్త పేరుమీద పడుతుంది” అన్నాడు ఊరికే.

అమ్మ కళ్లజోడు సవరించుకుంది. “చెప్తాండేది నేనైతే దాని పేరెట్ల పడతాది?” అన్నది.

నిజమే గదా. పెద్దతమ్ముడి పాత ఫోను ఒకటి తెచ్చి, దానిలో ‘అమ్మ’ అని కొత్త పేరు పెట్టి ఆమె చేతికిచ్చాడు వాడు. రాయడం ఆమెకు కష్టం, మసక. నోటితో చెబితే దగ్గర వున్నవాళ్లు ఆ ఫోనులోనే నొక్కాలి. ముందు తిథులు అయ్యాయి. తర్వాత ఆమె వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకొని, తన సొంతానికి ఒకటి రాయమన్నది. ఎర్రావు ఈనే రోజు.

మనవడు రాశాడు. “దాని కిందనే, జున్నుపాలకు ఎవురెవురు వస్తారో వాళ్ల పేర్లు వాళ్లనే రాసుకోమను” అన్నది.

సాయంత్రానికి మూడు పేర్లు పడ్డాయి. మొదటిది చిన్న మరదలిది.